మామిడి మొక్కకు ఊతకర్ర: ఎవరికి కావాలి? ఎన్నాళ్లు ఉంచాలి?

(ఉపాధి హామీ పండ్ల తోటల లబ్ధిదారులకు)

ఉపాధి హామీ కింద మీ పొలంలో మామిడి అంట్లు నాటుకున్నారు కదా. సంరక్షణ సొమ్ము బతికున్న మొక్కల లెక్క చూసే ఇస్తారు. మొక్క పోతే ఆ సొమ్మూ పోతుంది, రేపటి కాపూ పోతుంది. ఊతకర్ర లేక గాలికి విరిగేవి కొన్ని. కట్టిన తాడు విప్పక చచ్చిపోయేవి కొన్ని. రెండూ మనం ఆపగలిగినవే.

1. అన్ని మొక్కలకూ కర్ర కావాలా?

అక్కర్లేదు. కాండం లావుగా ఉండి తనంతట తాను నిలబడే మొక్కను అలాగే వదిలేయండి. గాలికి కాస్త ఊగితేనే కాండం లావెక్కుతుంది, వేళ్లు గట్టిపడతాయి. సన్నగా వాలిపోయే మొక్కకు, గాలి బాగా తగిలే చోట నాటిన అంటుకు మాత్రం కర్ర పాతండి. కొత్త అంటు అతుకు దగ్గరే విరుగుతుంది.

2. ఎలా పాతాలి?

• వానాకాలం గాలి మనకు ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వీస్తుంది. కర్ర ఆ వైపే పాతితే మొక్క దానికి రాసుకోదు.
• మొక్క మట్టిగడ్డలోంచి దిగ్గొట్టకండి, వేళ్లు తెగుతాయి. గడ్డకు బయట, అడుగున్నర లోతు పాతండి.
• అతుకుకు పైన, 8 అంకెలా మెలిక వేసి, వేలు దూరేంత వదులుగా కట్టండి.
• పురికొస గానీ పాత గుడ్డపేలిక గానీ వాడండి. ఇనుప తీగ, నైలాన్ తాడు వద్దు.

3. ఎన్నాళ్లు ఉంచాలి?

మామూలుగా ఒక ఏడాది చాలు. నెలకోసారి, గాలివాన వచ్చిన ప్రతిసారీ కట్టు చూడండి. ఏడాది అయ్యాక, గాలి లేని రోజు కట్టు విప్పండి. మొక్క నిటారుగా నిలబడితే కర్ర తీసేయండి. వాలితే మళ్లీ వదులుగా కట్టి, 2, 3 నెలలు ఆగి చూడండి.

4. తీయకపోతే ఏమవుతుంది?

కాండం లావెక్కుతుంది, తాడు సాగదు. బెరడులోకి దిగిపోతుంది. ఆకులు తయారుచేసే ఆహారం బెరడు గుండానే వేళ్లకు చేరాలి. ఆ దారి మూసుకుపోతే, పైకి పచ్చగా కనిపిస్తూనే మొక్క లోపల నీరసిస్తుంది. లేదా ఆ గాటు దగ్గరే విరుగుతుంది. నర్సరీలో అంటుకు చుట్టిన ప్లాస్టిక్ టేపుదీ ఇదే సంగతి. అతుకు బాగా కలిశాక బ్లేడుతో నిలువునా కోసి, జాగ్రత్తగా తీసేయండి.

చచ్చిన మొక్క ఉంటే దాచకండి. ఫీల్డ్ అసిస్టెంట్‌కు చెప్పి, వానలుండగానే ఆ గుంతలో వేరే మొక్క నాటుకోండి.

ఈ వారమే తోటంతా ఒకసారి తిరగండి. ప్రతి కట్టులో వేలు పెట్టి చూడండి. వేలు దూరకపోతే అక్కడికక్కడే విప్పి, వదులుగా కట్టండి.