పాఠం 14: బరువు తగ్గేటప్పుడు మనసు

14.1 పరిచయం

మీకు తెలిసినవారెవరైనా సన్నబడితే చుట్టుపక్కలవారు మొదట ఏమంటారో గుర్తుచేసుకోండి. "చిక్కిపోయావేమిటి? ఒంట్లో బాగాలేదా?" అంటారు. మన భాషలో సన్నబడటాన్ని గురించిన మాటల పక్కనే జబ్బో బెంగో కనిపిస్తుంది. "కాస్త ఒళ్లు చేశావు" అన్నది మాత్రం చాలా ఇళ్లలో మెచ్చుకోలు. తిండి చాలని రోజులు చూసినవారి మాటలివి. ఇలాంటి మాటల మధ్య ఉంటూనే, డాక్టరు చెప్పినందువల్ల ఒక మనిషి బరువు తగ్గవలసి వస్తుంది.

ఏం తినాలి, ఎంత నడవాలి అన్న విషయాలు ఈ పాఠంలో ఎక్కువగా లేవు. ఆ సమయంలో మనసుకు ఏమవుతుందో తెలుసుకుందాం. పాఠం చదివాక, తిండి తగ్గిస్తే కోపం, దిగులు ఎందుకు వస్తాయో మీరు వివరించగలుగుతారు. ఒక పూట నియమం తప్పితే ఏం చేయాలో, ఎప్పుడు ఇతరుల సహాయం కోరాలో చెప్పగలుగుతారు.

14.2 షాదీపూర్‌లో ఒక ఇల్లు

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీ విజయపురం. 2024 సెప్టెంబరు వరకు దాని పేరు పోర్ట్ బ్లెయిర్. అందులోని ఒక పేట షాదీపూర్. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చి ఈ దీవులలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో, మీలాగే పనులు ముగించుకొని పరీక్షకు చదువుకుంటున్న ఒక గృహిణిని ఊహించుకోండి.

ఆమె వయసు 38 ఏళ్లు, ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే 30 పైన వస్తుంది. భారతీయులకు ఈ సంఖ్య 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తారు. మోకాళ్లు నొప్పి, రక్తంలో చక్కెర కూడా కొంచెం ఎక్కువగా ఉంది. డాక్టరు బరువు తగ్గమన్నారు.

మొదటి నెలలో రెండు కిలోలు తగ్గింది. ఎంతో సంతోషించింది. రెండో నెలలో తూకం ముల్లు కదలలేదు. ఇంటిల్లిపాదికీ అన్నం, చేపల పులుసు వండేది ఆమే. వడ్డించి, తాను మాత్రం కొంచెం పెట్టుకొని లేచిపోవాలి. పిల్లవాడు లెక్క అర్థం కాలేదని అడిగితే కసురుకుంది. అత్తగారు, "ఆ మొగం చూడే, ఎలా పీక్కుపోయిందో! నీకెందుకే ఈ ఉపవాసాలు?" అన్నారు. పక్కింటామె, "ఏటి వదినా, చిక్కిపోనావు? ఇంట్లో ఏటైనా గొడవా?" అని అడిగింది. ఆ రాత్రి అందరూ పడుకున్నాక గిన్నెలో మిగిలిన అన్నమంతా తినేసింది. డబ్బాలోని మిఠాయి కూడా తిన్నది. తరువాత పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. "నోరు కట్టుకోలేనిదాన్ని, ఇంకేం సాధిస్తాను?" అనుకుంది. పుస్తకం కూడా తెరవలేదు.

ఈ చివరి వాక్యాన్ని గమనించండి. తిండి విషయంలో తనమీద తనకు పోయిన నమ్మకం చదువు మీదికీ పాకింది.

14.3 తప్పు నోటిదేనా?

రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజులలో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు ఒక పరిశోధన చేశాడు. యుద్ధంలో కరవు పాలైన ప్రజలకు మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం అతని ఉద్దేశం. ఆయుధం పట్టబోమన్న 36 మంది యువకులు తమంతట తామే ముందుకు వచ్చారు. అందరూ ఆరోగ్యవంతులే, మనోధైర్యం ఉన్నవారే. 1945లో 24 వారాల పాటు వారికి ఇంచుమించు సగం తిండే పెట్టారు: రొట్టె, బంగాళాదుంపలు, క్యాబేజీ వంటివి. వారి బరువు సుమారు నాలుగో వంతు తగ్గింది.

బరువుతో పాటు వారి స్వభావమూ మారింది. చిన్న విషయాలకు చిరాకుపడ్డారు. దిగులుతో ముడుచుకుపోయారు. స్నేహితుల మీద, చదువు మీద ఆసక్తి పోయింది. తెల్లవారితే తిండి గురించే ఆలోచన. వంటల పుస్తకాలు చదివినవారు, పళ్లెం నాకినవారు ఉన్నారు. మళ్లీ కడుపునిండా పెట్టడం మొదలుపెట్టాక కూడా, ఎంత తిన్నా ఆకలి తీరలేదని కొందరు చెప్పారు.

వారు చేసినది చాలా కఠినమైన పథ్యం. పైగా వారు లావుగా ఉన్నవారు కారు. షాదీపూర్ గృహిణి పరిస్థితి అంత తీవ్రమైనది కాదు. కాని శరీరం చేసే పని ఆ దారిలోనే ఉంటుంది. మన కొవ్వు కణాల నుంచి లెప్టిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. దీనిని 1994లో కనుగొన్నారు. ఒంట్లో నిల్వ ఎంత ఉందో అది మెదడుకు తెలియజేస్తుంది. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది. మెదడు దానిని కరవుగా భావించి ఆకలిని పెంచుతుంది. బరువు తగ్గిన ఒక సంవత్సరం తరువాత కూడా ఆకలికి సంబంధించిన హార్మోన్లు పూర్వస్థితికి రాలేదని ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లో చూపారు.

ఇదంతా ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, "నోరు కట్టుకోలేదు" అన్న మాట మనిషి గుణం మీద వేసే నింద. జ్వరం వచ్చినవాడిని "ఒళ్లు చల్లగా ఉంచుకోలేవా?" అని ఎవరూ తిట్టరు. తగ్గించిన తిండికి వచ్చే ఆకలి, చిరాకు కూడా అలాంటివే. ఆమె పిల్లవాణ్ణి కసురుకోవడం సరైనదని కాదు. కారణం తెలిస్తే, "నాకు ఆకలిగా ఉంది, అరగంట తరువాత చెబుతాను" అని అనగలుగుతుంది.

అందుకే తొందర పనికిరాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011లో ప్రచురించిన మార్గదర్శకాలలో, వారానికి అరకిలో తగ్గడం సురక్షితమని, రోజుకు 1000 కిలోకాలరీల కన్న తక్కువ తినరాదని ఉంది. మన గృహిణి మొదటి నెల సరిగ్గా ఆ వేగంతోనే తగ్గింది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పాఠ్యగత ప్రశ్న: మిన్నెసోటా యువకులలో కనిపించిన మార్పులలో ఏవి ఈ గృహిణిలో కనిపించాయి?

14.4 "ఎలాగూ తప్పింది కదా!"

1975లో హెర్మన్, మాక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరికి మిల్క్ షేక్ ఇచ్చి, తరువాత ఐస్‌క్రీం కావలసినంత తినమన్నారు. మామూలువారు మిల్క్ షేక్ తాగినందువల్ల ఐస్‌క్రీం తక్కువ తిన్నారు. తిండి విషయంలో ఎప్పుడూ తమను కట్టడి చేసుకునేవారు మాత్రం మిల్క్ షేక్ తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు! ఈరోజు నియమం ఎలాగూ పోయిందన్న భావన గట్టు తెంచింది.

షాదీపూర్ వంటింట్లో ఆ రాత్రి జరిగింది ఇదే. ఒక ముద్ద ఎక్కువైతే అది ఒక ముద్ద మాత్రమే. మరునాడు పస్తు ఉండి దానికి శిక్ష వేసుకోకూడదు. పస్తు మళ్లీ రాత్రి ఆకలికే దారితీస్తుంది. మామూలు వేళకు మామూలు భోజనం చేయాలి. మిఠాయి ఇంట్లో పూర్తిగా నిషేధించడం కంటే, ఆదివారం అందరితో కలిసి ఒకటి తినడం మేలని నా అభిప్రాయం.

తూకం రోజూ చూడటం కొందరికి సాయపడుతుంది, కొందరిని కుంగదీస్తుంది. మీరు రెండో రకమైతే వారానికి ఒకసారి చాలు. ఉప్పు, నీరు, నెలసరి వల్ల కూడా ముల్లు అటూ ఇటూ కదులుతుంది. షాదీపూర్ వంటి ఎత్తుపల్లాల ఊళ్లో అయితే, ఆయాసం లేకుండా ఎంత ఎత్తు ఎక్కగలిగారో అది కూడా ఒక కొలతే.

ఇక అత్తగారి మాటలు. ఆమె ఎగతాళి చేయలేదు, భయపడింది. "డాక్టరుగారు చెప్పారత్తా, మోకాళ్ల కోసం. మీరూ సాయంత్రం నాతో నడవండి" అంటే ఆ భయం కొంత తీరుతుంది. పక్కింటామెకు ఇంత వివరం అక్కరలేదు.

14.5 సహాయం కోరవలసిన సమయం

ప్రయత్నించకుండానే బరువు తగ్గుతుంటే "చిక్కిపోయావు" అన్న మాటను తేలికగా తీసుకోకండి. మధుమేహం, క్షయ, థైరాయిడ్ జబ్బు వంటివి కారణం కావచ్చు, డాక్టరుకు చూపించుకోండి. తిన్నది కావాలని వాంతి చేసుకోవడం, రోజుల తరబడి పస్తులుండటం, సన్నగా ఉన్నా లావుగా ఉన్నామని భయపడటం, రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోవడం: వీటిలో ఏది ఉన్నా ఒంటరిగా భరించకండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోను చేయవచ్చు. డబ్బు చెల్లించనక్కరలేదు.

కృత్యం

1. "ఒళ్లు చేయడం", "చిక్కిపోవడం", "పీక్కుపోవడం", "నోరు కట్టుకోవడం" - వీటిని మీ ఇంట్లో ఎవరు, ఏ సందర్భంలో వాడతారో రాయండి.

2. ఆ రాత్రి తరువాత తెల్లవారింది. ఆమె అత్తగారు టీ తీసుకుని వచ్చారు. వారిద్దరి సంభాషణను పది వాక్యాలలో మీ ఊరి మాటల్లో రాయండి.