సిప్పీఘాట్ బాతులు

విశాఖపట్టణమునుండి పోర్టుబ్లెయిరునకు ఓడలు నడచుట చాలమంది యెరిగినదే. ఆ పట్టణమునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. మన శ్రీకాకుళము, విశాఖ సీమలనుండి వలసపోయిన తెలుగువారు అచట అనేకులు కలరు. బజారులో మన మాట వినబడగనే దూరదేశమున నున్నామను భావము తొలగిపోవును. ఒక డిసెంబరు సెలవులలో, పక్షుల ఛాయాచిత్రములు తీయు వేడుకతో నేనచటికి పోతిని.

చుట్టును సముద్రముండుటచే అండమాను దీవులలో ఇతరత్ర కానరాని పక్షులు కొన్ని ఏర్పడినవి. నల్లని మేను, ఎర్రని జుట్టుగల వడ్రంగిపిట్ట వానిలో నొకటి. నార్కొండమను చిన్నదీవియందు మాత్రమే యుండు కొమ్ముపిట్ట మరియొకటి. అది నావంటి యాత్రికునకు దక్కునది కాదు. నేను కోరినది కంటిచుట్టు తెలుపుగల గోధుమవన్నె బాతు. దానికి సిప్పీఘాట్ మడుగులే తగిన చోటని చెప్పిరి.

నన్ను తీసికొనిపోయిన ఆటోవాడు తెలుగువాడు, నడివయస్సు దాటినవాడు. తెల్లవారకముందే చేరితిమి. చల్లని గదినుండి వెలికి తెచ్చిన కెమెరా కటకముపై ఆవిరి పట్టి, పావుగంటసేపు ఏమియు కానరాలేదు. తుడిచినకొలది మరల పట్టును. ఓపికయే దానికి మందు. ఇంతలో వెలుతురు వచ్చెను. కొంగలు, ఉత్తరదేశములనుండి చలికాలమునకు వచ్చు ఉల్లంకిపిట్టలు, వాని నడుమ ఆరు బాతులు!

ఎగురు పక్షిని స్పష్టముగా పట్టవలెనన్న, సెకనులో వెయ్యవ వంతు కాలము మాత్రమే వెలుగును లోనికి రానీయవలెను. నీటిపై తేలు బాతునకు అంత వేగము పనిలేదు. కాని మనము కదలరాదు. నేనొక అడుగు ముందుకు వేయగా ఆరు మెడలును ఒక్కసారి నిక్కెను. మరొక అడుగు వేసిన లేచిపోవుననుట నిశ్చయము. ఆగితిని. అయితే ఎండిన కొబ్బరి మోడొకటి బొమ్మకు అడ్డముగా నుండెను.

“బాబాయీ, ఆ మోడు కనబడని చోటు ఏదైన కలదా?” అని మెల్లగా అడిగితిని.

“అది మా మామగారి చెట్టు, బాబూ. మీరు నిలుచున్నది ఆయన పొలముగట్టు” అనెను.

2004 డిసెంబరు 26న సుమత్రా తీరమున సముద్రగర్భమున మహాభూకంపము కలిగెను. దాని వలన ఉత్తర అండమానున కొన్ని తీరములు పైకి లేచినవి. పోర్టుబ్లెయిరు ప్రాంతమున నేల సుమారు ఒక మీటరు క్రుంగెను. ఉప్పెన వచ్చి పోయినది గాని, క్రుంగిన నేల మరల లేవలేదు. వరి పండిన మళ్ళలో ఉప్పునీరు నిలిచెను. ఆ నీటికే పక్షులు చేరినవి. పక్షులను వెదకుచు నావంటివారు చేరితిమి.

“ఆయన ఇటు వచ్చుచుండునా?”

“రారు. ఊరిలోనికి పోవలసియున్న వేరుదారిని పోవుదురు. ఈ బాతులను చూపి నాలుగు డబ్బులు సంపాదించుచున్నానని నేనింతవరకు ఆయనతో చెప్పలేదు.”

నేనేమియు పలుకలేకపోతిని. చోటు మార్చు ఆలోచన మాని, మోడును కూడ చేర్చి బొమ్మ తీసితిని. నీటిలో మోడు నీడ, ఆ నీడపై రెండు బాతులు. తక్కిన నాలుగు పక్కకు తొలగిపోయినవి. చిత్రములు తీయువారి లెక్కలో అది గొప్ప చిత్రము కాదు. బాతులు చిన్నవిగా కనబడును.

కెమెరా వెనుకనున్న అద్దములో ఆ బొమ్మను అతనికి చూపితిని. అతడు చాలసేపు చూచెను.

“దీనిని నాకొకటి పంపుదురా?”

“తప్పక పంపెదను. మామగారికి చూపుదువా?”

అతడు బదులు చెప్పక ఆటో వైపు నడచెను.