పేరు గూడ తాయెత్తే, చెల్లె

"అక్కా, మా అత్త బాబుకు నల్లదారం కట్టింది, అరికాలుకు కాటుక చుక్క పెట్టింది, ఇగ తావీజు గూడ తెస్తనంటున్నది. ఏమనాలె?" అని ఫోన్ల అడిగినవు గదా. ఏమనకు చెల్లె. మనుమని మీద ఆమెకున్న భయమంత ఆ దారంల ముడేసుకున్నది.

దారమే గాదు, మనోళ్లు పిల్లలకు పెట్టే పేరు గూడ అసొంటి తాయెత్తే. మన నల్గొండ దిక్కు ఏ వాడల పిలిచినా సైదులో, సైదమ్మో పలుకుతరు. పాలకవీడు మండలంల జాన్‌పహాడ్ దర్గ సైదులుకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డకు ఆ సామి పేరే. జనవరిల ఉర్సుకు పోతే, నొసట బొట్టుతోని బిడ్డను సంకనెత్తుకున్న తల్లులు ఎంతమందో! దండం పెట్టుకొని, దారం కట్టిచ్చుకొని పోతరు.

పెంటయ్య పేరు సంగతి ఇంటే నాకైతే కండ్లల్ల నీళ్లు తిరుగుతయి. పుట్టినోళ్లు పుట్టినట్టే పోతుంటే, ఆ తల్లి పసిగుడ్డును చేటల పండవెట్టి పెంటకుప్ప మీద పెట్టేది. ఇంకొకామె ఎత్తుకొచ్చి ఆమె ఒళ్లనే పెట్టేది. ఇగ వీడు కన్నకొడుకు కాదు, దొరికినోడు. చావు గూడ వద్దనుకునే పేరు పెట్టి దాచుకున్నరు. ఉత్తర చైనా పల్లెలల్ల గూడ 'కుక్క తినంగ మిగిలినోడు' అనే అర్థంతోని పిల్లలకు ముద్దుపేరు పెట్టేటోళ్లు. ఎక్కడి చైనా, ఎక్కడి మనం! తల్లి భయం ఒక్కతీరే.

పేర్లే గాదు, ఏసుకునేటియి గూడ అంతే. దేవరకొండ తండాలల్ల లంబాడి అక్కల రవికెకు కుట్టిన అద్దాలు చూసినవా? చెడు చూపు అందుల పడి ఎనుకకు మళ్లుతదంటరు. టర్కీల నీలం గాజు కన్ను గూడ అందుకే. మన పీర్లల్ల ఐదు వేళ్ల పంజ ఉంటది చూడు, అసొంటి చెయ్యినే మొరాకోల 'ఫాతిమా చెయ్యి' అని తలుపులకు కొడతరు, మెడల ఏసుకుంటరు.

గని ఒక్కమాట. దోషమున్నదని చెప్పి వేలకు వేలు అడిగేటోని గడప తొక్కకు. జ్వరమొస్తే ముందు దవాఖాన, ఎనుక దర్గ. పసిపిల్లల మెడల ఏదీ ఏలాడనియ్యకు, నిద్రల బిగుసుకుంటది. రేపు నీళ్లు పోసేటప్పుడు మొలతాడు కింద నీ చిటికెన వేలు పెట్టి చూడు. పోకుంటే కత్తిరించి, కొత్తది మీ అత్త చేతనే వదులుగ కట్టియ్యి.