తొట్టి చూపించిన వార్త

చిరంజీవి హారికకు,


సినిమా డెస్కులో చేరావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. అక్కడ నీ చేతికి ముందుగా వచ్చేవి ఎవరో పోయిన వార్తలూ, ఎవరో విడిపోయిన వార్తలే. అందుకే నటి శ్రీదేవి సంగతి రాస్తున్నాను.

2018 ఫిబ్రవరి 24న ఆవిడ దుబాయ్ హోటల్లో చనిపోయింది. మొదట గుండెపోటన్నారు. స్పృహ తప్పి స్నానాల తొట్టిలో మునిగిపోయిందని రెండు రోజులకు అక్కడి అధికారులు చెప్పారు. 27న కేసు మూసేశారు. ఈలోపు మన చానళ్లు ఆగాయా? తెర మీద తొట్టి బొమ్మలు పెట్టారు. తాగిందా, అందం కోసం ఆపరేషన్లు చేయించుకుందా అని గంటల తరబడి చర్చలు. ఒక తెలుగు చానల్ విలేఖరి ఏకంగా తొట్టిలో పడుకుని చూపించాడు. తల్లి పోయిన ఇద్దరు ఆడపిల్లలున్న ఇల్లది.

చెప్పడానికి కథ లేకనా? 'బడిపంతులు'లో ఎన్టీఆర్‌కు మనవరాలిగా వేసిన పిల్ల, 1979లో 'వేటగాడు' వచ్చేసరికి ఆయన పక్కన హీరోయిన్. మన పరిశ్రమలో ఆడవాళ్ల వయసుకీ మగవాళ్ల వయసుకీ ఉన్న లెక్కలేమిటో ఆ ఒక్క విషయం పట్టుకుని ఎంతైనా రాయొచ్చు. దానికి చదవాలి, నలుగురినీ కలవాలి. తొట్టికి అదేం అక్కర్లేదు.

ఇప్పుడు పని ఇంకా తేలికైంది. యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద అనుమానం రాసి, చివర ప్రశ్నార్థకం పెడితే పూచీ ఉండదనుకుంటున్నారు. 'ఫిల్మ్‌నగర్ టాక్' అంటే ఎవరన్నారో చెప్పే పనే లేదు. ఆ దెబ్బ ఎక్కువగా ఆడవాళ్లకే తగులుతుంది. 2021లో తన విడాకుల ప్రకటన తర్వాత నటి సమంత కూకట్‌పల్లి కోర్టు దాకా వెళ్లి, యూట్యూబ్ చానళ్ల వీడియోలు తీయించమని అడగాల్సి వచ్చింది. తీసేయమని కోర్టు చెప్పింది, నిజమే. అప్పటికే ఊరంతా చూసేసింది.

జనం చూస్తున్నారు కాబట్టే వేస్తున్నామని మీ ఆఫీసులోనూ అంటారు. రోడ్డు మీద ప్రమాదం జరిగినా జనం ఆగి చూస్తారు. అంతమాత్రాన అది వాళ్లు కోరుకున్నదవుతుందా?

ఎవరు చెప్పారో, ఎవరు ధ్రువీకరించారో తెలియని మాట నీ చేత్తో పెట్టకు. ఒత్తిడి చేస్తే చేయనని చెప్పు. ఉద్యోగం పోతుందని భయపడకు. ఇంకోటి దొరికేదాకా మా ఇల్లుంది, వచ్చెయ్.

నీ పెదనాన్న