పఠన లేఖన బోధన: మాండలిక రూపాలు, వర్ణదోషాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల కౌమార విద్యార్థుల రాతలో రెండు అంశాలను వేరుగా పరిశీలించాలి.

మొదటిది మాండలికరూపం. 'వచ్చిండు' దోషం కాదు. గ్రాంథికమైన 'వచ్చినాఁడు', పాఠ్యపుస్తకంలోని 'వచ్చాడు' దానికి సోదరరూపాలే. మూడింటినీ పక్కపక్కన రాయించి, ఏది ఎక్కడ ఉచితమో చెప్పించాలి.

రెండవది వర్ణదోషం. 'భాష'ను 'బాష' అని రాయడానికి ముఖ్యకారణం అశ్రద్ధ కాదు. వాడుకలో మహాప్రాణోచ్చారణ సడలడమే. కనుక పదిమార్లు రాయించడం వల్ల ప్రయోజనం స్వల్పం. భాష, భాషణం, సంభాషణ, భాష్యం అనే ఏకధాతుజన్య పదాలను బిగ్గరగా చదివించి, పిమ్మట సొంతవాక్యాలలో ప్రయోగింపజేయాలి.

2018 నాటి తెలంగాణ శాసనం పాఠశాలల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేసింది. అయితే ఇంటిపలుకునూ వర్ణదోషాన్నీ ఒకే ఎర్రసిరాతో కొట్టివేస్తే విద్యార్థి రాయడానికే జంకుతాడు. ఈ వివేచన భాషాధ్యాపక శిక్షణలో భాగం కావాలి.