చరిత్ర పట్టమునకు పాఠ్యక్రమము

బి.ఏ. తరగతిలో చరిత్ర నభ్యసింపగోరు విద్యార్థులారా! పాఠ్యాంశములను దొరికిన వరుసను గాక, ముందుగా నొక క్రమ మేర్పరచుకొని యెన్నుకొనవలయును. 2022వ సంవత్సరమున యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషను ప్రకటించిన ప్రణాళికలో మూడేండ్ల పట్టమునకు 120 క్రెడిట్లును, నాలుగేండ్ల పట్టమునకు 160 క్రెడిట్లును కనీసముగా నిర్ణయింపబడినవి. నాలుగవయేట పరిశోధన చేయగోరువారు తొలి ఆరు సెమిస్టర్లలో నూటికి 75 మార్కులు పొందవలయును. అయినను మార్కులొక్కటే చాలవు. ఆధారములున్న భాషయు రావలయును.

1565వ సంవత్సరమున జరిగిన తళ్లికోట యుద్ధమును జూడుడు. ఫెరిష్తా దానిని పారసీకమున వ్రాసెను. 1567లో విజయనగరమును దర్శించిన సీజరు ఫ్రెడరిక్ వెనీసు నగరపు వర్తకుడు. విజయనగర రాజుల శాసనములు తెలుగు, కన్నడ, సంస్కృతాది భాషలలో నున్నవి. అనువాదములనే నమ్ముకొన్న చరిత్రకారుడు, దుబాసి మాటలను మాత్రమే విని తీర్పు చెప్పు న్యాయాధిపతి వంటివాడు.

కావున కళాశాలలో చేరకముందే, మీకు గావలసిన భాష నచ్చట బోధింతురో లేదో విచారింపుడు. మొదటియేట దేశచరిత్రమును, లోకచరిత్రమును విశాలముగా జదువుచు ఆ భాష నారంభింపుడు. రెండవయేట దానిని విడువక, చరిత్రరచనా పద్ధతిని నేర్చుకొనుడు. శాసనలిపి పాఠమున్నచో జేర్చుకొనుడు. మూడవయేట ఒక కాలమును, ఒక ప్రాంతమును ఎన్నుకొని మూలగ్రంథములనే పఠింపుడు. నాలుగవయేట భాషకై వెదకుట, ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వుటయే యగును.