కారడవిలో భయానక రసం

నాట్యశాస్త్రంలో భరతముని భయానక రసానికి కారణమైన విభావాలను చెబుతూ, అరణ్యంలోను, శూన్యగృహంలోను ప్రవేశించడాన్ని వాటిలో చేర్చాడు. ఆ రెంటికీ సమానమైన ధర్మం ఒక్కటే: ఎదుట ఏమున్నదో కన్ను నిర్ణయించలేదు. కన్ను విడిచినదాన్ని ఊహ పూరిస్తుంది. ఆ ఊహయే భయానికి బీజం.

ఆంగ్ల రచయిత ఆల్గర్నన్ బ్లాక్‌వుడ్ 1910లో ప్రకటించిన ‘ది వెండిగో’ కథకు కెనడా అడవులు రంగం. వేటగాళ్ళకు దారి చూపే మనిషి ఒక రాత్రి డేరా విడిచి అదృశ్యమవుతాడు. అతణ్ణి పట్టిన భూతాన్ని రచయిత స్పష్టంగా చూపడు. వింత వాసన, దూరపు కేక, మంచుమీది అడుగుజాడలు మాత్రమే మనకు మిగులుతాయి.

కథలో పాఠకుడు సాక్షి మాత్రమే. కంప్యూటర్ ఆటలో అతడే బాధ్యుడు. పోలెండులోని ఒక చిన్న బృందం నిర్మించగా 2017లో వెలువడిన ‘డార్క్‌వుడ్’ ఇందుకు నిదర్శనం. అందులో నాయకుడు చూసే దిక్కున తప్ప మరెక్కడా పొంచి ఉన్న ప్రాణులు కనబడవు. పగలు అడవి గాలించి పెట్రోలు, కొయ్యపలకలు సేకరించాలి. రాత్రి ఒక పాడుపడిన ఇంట కిటికీలకు పలకలు బిగించి, జనరేటరు వెలుగులో తెల్లవారేదాకా ప్రాణం నిలుపుకోవాలి. పెట్రోలు తరిగితే దీపం ఆరుతుంది. భరతుడు చెప్పిన అరణ్యమూ, శూన్యగృహమూ ఇక్కడ ఏకమైనాయి.

ఇట్టి ఆటలు పిరికితనం నేర్పుతాయని కొందరు పెద్దల ఆక్షేపణ. కాని భయపడి పరుగెత్తినవాడు ఇందులో గెలవడు. భయాన్ని నిగ్రహించి, ఉన్న కొద్దిపాటి వెలుగును పొదుపుగా వాడుకొన్నవాడే ఉదయాన్ని చూస్తాడు. విద్యార్థులు గ్రహించవలసిన నీతి ఇదే.